హాల్లో హెలికాప్టర్: నాలుగు గోడల మధ్య గాలి లెక్కలు

గోదావరి డెల్టాలో రేడియో కంట్రోల్ హెలికాప్టర్ కొన్నవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఎగరేసే చోటు. సార్వా నాట్లు పడిన దగ్గర్నుంచి దాళ్వా కోతలు అయ్యేదాకా పొలాల్లో నీరో పైరో ఉంటుంది. మెరక ఉన్నచోట కొబ్బరి తోట, పల్లం ఉన్నచోట చేపల చెరువు, రెంటి మధ్య కాలువగట్టు, గట్టు వెంట కరెంటు తీగలు. ఊరి హైస్కూలు మైదానం ఖాళీగా దొరికినా పొద్దెక్కేసరికి సముద్రం మీది నుంచి గాలి మొదలవుతుంది. అర చేతి మీద నిలిచే 45 గ్రాముల యంత్రాన్ని ఆ గాలి ఒక్కసారి చెరువు మీదికి తీసుకుపోతే ఇక దాని ఆశ వదులుకోవలసిందే. అందుకే భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా ఈ సరదా ఉన్నవారు నలుగురు కలిసి ఒక క్లబ్బుగా ఏర్పడితే, వారు చేసే మొదటి పని ఒక హాలు వెతుక్కోవడం.

హాల్లోకి వచ్చాక అందరూ ఆశించేది ఒకటే: లోపల గాలి ఉండదు కాబట్టి ఎగరేయడం సులువవుతుందని. ఈ ఆశ సగమే నిజం. బయటి గాలి లోపలికి రాకపోవచ్చు గాని, హెలికాప్టర్ తన గాలిని తానే పుట్టించుకుంటుంది, గది ఆ గాలిని బయటికి పోనివ్వదు. ఏ రకం యంత్రం కొనాలి, ఏ హాలు తీసుకోవాలి, ఒకేసారి ఎందరు ఎగరేయాలి, చివరికి ఫ్యాను స్విచ్చి దగ్గర ఎవరు నిలబడాలి అన్న ప్రశ్నలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయి. క్లబ్బుల్లో కొత్తవారికి రిమోట్ స్టిక్కులు తిప్పడం నేర్పుతారు గాని, గాలి సంగతి చెప్పేవారు తక్కువ. అది చెప్పకుండా నేర్పిన విద్య మొదటి గోడ దగ్గరే ఆగిపోతుంది.

గదిలో ఉన్న గాలి ఎంత, రోటర్ తోడే గాలి ఎంత

హెలికాప్టర్ గాలిలో నిలబడటమంటే తన బరువుకు సరిపడేంత గాలిని ఎడతెగకుండా కిందికి తోస్తూ ఉండటం. ఇండోర్‌లో ఎక్కువగా వాడే మైక్రో తరగతి యంత్రాన్నే తీసుకుందాం. బరువు 45 గ్రాములు, రోటర్ (పైన గిరగిరా తిరిగే రెక్కలు) వ్యాసం సుమారు 245 మిల్లీమీటర్లు. భౌతికశాస్త్రంలోని మొమెంటం సూత్రంతో లెక్క వేస్తే, ఆ రోటర్ గుండా గాలి సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగంతో దిగాలి. కొంత కిందికి వెళ్లేసరికి ఆ ధార సన్నబడి వేగం రెట్టింపవుతుంది, అంటే గంటకు 14 కిలోమీటర్ల పైచిలుకు. పరిమాణంలో చూస్తే నిమిషానికి సుమారు 5.6 ఘనపు మీటర్ల గాలి.

ఇప్పుడు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఒక మామూలు పడకగదిని లెక్కలోకి తీసుకుంటే, అందులో ఉండే గాలి మొత్తం 34 ఘనపు మీటర్లు. అంటే 6 నిమిషాల్లో, ఇంచుమించు ఒక బ్యాటరీ అయిపోయేలోగా, గదిలో ఎంత గాలి ఉందో అంత గాలిని ఆ చిన్న రోటర్ కిందికి తోసేస్తుంది. అదే 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల ఎత్తు ఉన్న హాల్లో అంత పని జరగడానికి 12 గంటలు పట్టాలి. ఇంట్లో ఎంత ప్రయత్నించినా కుదురుగా నిలవని హెలికాప్టర్ హాల్లో మొదటి రోజే బుద్ధిగా నిలబడితే, అందులో పైలట్ చేతి మహిమ కంటే ఈ నిష్పత్తి మహిమే ఎక్కువ.

ఇరుకు కాలువలో వెళ్లే మోటారు పడవ లేపిన అలలు రెండు గట్లకూ తగిలి తిరిగొచ్చి ఆ పడవనే ఊపినట్టు, చిన్న గదిలో హెలికాప్టర్‌ను కుదిపేది అది పంపిన గాలే. కళ్లతో చూడాలంటే ఒక అగరబత్తి చాలు. గది మధ్యలో, నడుమెత్తున ఒక కోయాక్సియల్ (ఒకదాని మీద ఒకటిగా రెండు రోటర్లున్న) హెలికాప్టర్‌ను నిలిపి ఉంచి, గోడ మొదట్లో అగరబత్తిని వెలిగించి పెట్టండి. మొదట్లో పొగ తిన్నగా పైకి లేస్తుంది. కొద్ది సేపటికి నేల మీదుగా పరుచుకొచ్చిన గాలి ఆ పొగను గోడకు అదిమి, గోడ వెంట పైకి నెట్టి, కప్పు కిందుగా మళ్లీ గది మధ్యకు తోసుకొస్తుంది. ఆ పొగ రోటర్ పైకి చేరి అందులో దిగడం మొదలైన తరువాత యంత్రం తోక సన్నగా వణకడం కనిపిస్తుంది. అప్పటిదాకా కదలని గాలిలో నిలబడ్డ రోటర్ ఇప్పుడు తాను తోసిన గాలినే, అది కిందికి దిగుతుండగా, మళ్లీ తోయవలసి వస్తోంది. అదే ఎత్తు నిలుపుకోవడానికి థ్రాటిల్, అంటే మోటారుకు ఇచ్చే శక్తి, కొంచెం ఎక్కువ కావాలి. ఆ కొంచెం ఎంతో క్షణానికొక రకంగా మారుతుంది కాబట్టి కుదురుండదు.

నేల, గోడ, కప్పు

నేలకు దగ్గరగా ఎగరేస్తే పడినా దెబ్బ తగలదని కొత్తవారు చీలమండ ఎత్తులోనే తంటాలు పడుతుంటారు. ఆదిలోనే హంసపాదు పడేది ఇక్కడ. రోటర్ నేలకు దగ్గరగా ఉన్నప్పుడు కిందికి దిగే గాలికి నేల అడ్డుపడి, అదే శక్తికి కొంచెం ఎక్కువ ఎత్తుడు బలం వస్తుంది. దీన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. ప్రసిద్ధమైన ఒక సూత్రం ప్రకారం రోటర్ నేలకు తన వ్యాసంలో సగం ఎత్తున ఉంటే ఈ లాభం 7 శాతం దాకా ఉంటుంది, పూర్తి వ్యాసమంత ఎత్తుకు వెళ్లేసరికి 2 శాతం లోపుకు పడిపోతుంది. మైక్రో హెలికాప్టర్‌కు ఈ మార్పంతా జానెడు ఎత్తులోపే జరిగిపోతుంది. అంటే చీలమండ ఎత్తులో తడబడే పైలట్ కాలి కింద మెత్తటి పరుపు లాంటిది ఒకటి నిమిషానికి పదిసార్లు వచ్చి పోతున్నట్టే. పైగా నేలకు తగిలి చెల్లాచెదురయ్యే గాలి తోక రోటర్‌ను కూడా వదలదు. నా మటుకు నేను కొత్తవారికి చెప్పేది, నేల వదిలాక తాత్సారం చేయకుండా ఒక్క ఊపున మోకాలు దాటించి నడుమెత్తుకు తీసుకుపొమ్మని. చూసేవారికి భయంగా ఉంటుంది గాని అక్కడి గాలి నేల మీది గాలికన్నా నెమ్మదస్తురాలు.

ఫంక్షన్ హాళ్లలో దీనికే ఇంకో రూపం ఉంది. పెళ్లి వేదిక మీద తక్కువ ఎత్తులో నిలబడ్డ హెలికాప్టర్‌ను ముందుకు నడిపిస్తే, వేదిక అంచు దాటగానే కింది ఆధారం ఒక్కసారిగా పోయి యంత్రం దభాలున జారుతుంది. రిమోట్ చెడిపోయిందనుకునేవారు చాలామంది.

గోడ విషయం ఇంతకన్నా టక్కరిది. గోడకు దగ్గరగా వెళ్లిన రోటర్ తోసిన గాలి నేలను తాకి, గోడను ఎక్కి, గోడవైపున్న బ్లేడ్ల మీదే తిరిగి పడుతుంది. ఆ పక్క ఎత్తుడు బలం తగ్గుతుంది, అవతలి పక్క తగ్గదు. ఫలితంగా యంత్రం గోడవైపే ఒరిగి గోడవైపే జరుగుతుంది. గోడ లాగేస్తోందని క్లబ్బుల్లో అనే మాటలో అతిశయోక్తి లేదు. రెండు గోడలు కలిసే మూల దగ్గర ఈ ప్రభావం ఇంకా ఎక్కువ. అందువల్ల గోడకు రెండు మూడు మీటర్ల దూరంలో ఒక గీత ఊహించుకుని, దాన్ని దాటకముందే వెనక్కి తిప్పే అలవాటు చేసుకోవాలి. దాటాక తిప్పాలంటే రెట్టింపు స్టిక్కు కావాలి, రెట్టింపు స్టిక్కు ఇచ్చాక బయటపడ్డ యంత్రం ఎదురుగా ఉన్న మనుషుల మీదికి దూసుకొస్తుంది.

కప్పు దగ్గర ఇందుకు తలకిందులు. పైనుంచి గాలి వచ్చే దారి మూసుకుపోయి రోటర్‌కూ కప్పుకూ మధ్య ఒత్తిడి తగ్గుతుంది, యంత్రం పైకి పీల్చుకుపోయినట్టు అతుక్కుంటుంది. కంగారుపడి థ్రాటిల్ పూర్తిగా దించేస్తే తరువాతి కథ అందరికీ తెలిసిందే.

ఆ పడటంలో కూడా ఒక శాస్త్రం ఉంది. తిన్నగా కిందికి దిగే హెలికాప్టర్ తాను తోసిన గాలి వేగాన్ని సమీపించేంత వేగంగా దిగితే, ఆ గాలి రోటర్ అంచుల చుట్టూ పైకి లేచి మళ్లీ రోటర్‌లోనే పడే సుడిగా మారుతుంది. దీన్ని వోర్టెక్స్ రింగ్ స్థితి అంటారు. మన మైక్రో యంత్రానికి సెకనుకు మీటరున్నర వేగం దాటి నిట్టనిలువుగా దిగడమే ఇందుకు చాలు. ఆ సుడిలో చిక్కుకున్నాక థ్రాటిల్ పెంచడం అగ్నికి ఆజ్యం పోయడమే, ఎందుకంటే పెరిగిన గాలి సుడినే బలపరుస్తుంది. దిగేటప్పుడు కొంచెం ముందుకు నడిపిస్తూ ఏటవాలుగా దించితే ఎప్పటికప్పుడు కొత్త గాలి అందుతుంది, సుడి కట్టదు. పెద్ద హెలికాప్టర్ల పైలట్లకు నేర్పేదీ ఇదే.

మూడు రకాల యంత్రాలు, ఒకే గాలి

1939లో ఇగోర్ సికోర్‌స్కీ తయారుచేసిన వీఎస్-300 హెలికాప్టర్ నేల వదలడంతో ఒక పెద్ద రోటర్, ఒక తోక రోటర్ అనే రూపానికి దారి ఏర్పడింది. ఆ రూపాన్ని చిన్నదిగా చేసి రేడియోతో నడపడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1970లో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ తన మోడల్‌ను 11 కిలోమీటర్లకు పైగా ఎగరేసి రికార్డు నెలకొల్పాడు. అవన్నీ ఇంజిన్‌తో, పొగతో, మీటరుకు మించిన రోటర్లతో ఉండే ఆరుబయటి యంత్రాలు. హాల్లో ఎగరేయడం అనే ఆలోచన అందరికీ అందుబాటులోకి వచ్చింది 2010 ప్రాంతంలోనే. బరువు తక్కువ, శక్తి ఎక్కువ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీలు, రోటర్‌ను అటూ ఇటూ వంచే వేలిగోరంత సర్వో మోటార్లు, మొబైల్ ఫోన్ల పుణ్యమా అని చౌకబడిన గైరో చిప్పులు (యంత్రం తిరుగుడును పసిగట్టేవి) ఒకేచోట కలవడమే దానికి కారణం.

దుకాణంలో కనిపించే చిన్న హెలికాప్టర్లను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. ఒకదాని మీద ఒకటిగా రెండు రోటర్లు ఎదురు దిశల్లో తిరిగే కోయాక్సియల్ రకం మొదటిది. దాని పై రోటర్‌కు ఉండే బరువుల కడ్డీ యంత్రం ఒరిగినా తాను పాత తలంలోనే తిరుగుతూ ఉండి రోటర్‌ను మళ్లీ చదునుకు తెస్తుంది. చేతులు వదిలేసినా దాదాపు నిలబడుతుంది. అందుకే పిల్లల బొమ్మగా పేరు తెచ్చుకున్న సైమా ఎస్107 లాంటివన్నీ ఈ రకమే. కాని ఆ కుదురే దానికి శాపం కూడా. ముందుకు కొంచెం వేగం అందుకోగానే రోటర్ వెనక్కి లేచి వేగాన్ని చంపేస్తుంది కాబట్టి, ఏసీ గాలి ఎదురొచ్చినా దాన్ని కోసుకుంటూ వెళ్లలేదు. చిన్న గదికి ఇదే సరైనది, పెద్ద హాల్లో మాత్రం కాసేపటికే విసుగు పుట్టిస్తుంది.

రెండోది ఒకే రోటర్ ఉండి, బ్లేడ్ల కోణం స్థిరంగా ఉండే ఫిక్స్‌డ్ పిచ్ రకం. వీ911 తరగతి ఇందులోకి వస్తుంది. పైకి వెళ్లాలంటే రోటర్ వేగం పెరగాలి, దిగాలంటే తగ్గాలి. రోటర్ వేగం పుంజుకోవడానికి అరక్షణం పడుతుంది. నిశ్చలమైన గాలిలో ఆ ఆలస్యం తెలియదు. గోడ నుంచి తిరిగొచ్చిన గాలిలో పడ్డప్పుడు మాత్రం పైలట్ ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాడు.

మూడోది కలెక్టివ్ పిచ్. ఇందులో రోటర్ ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతూ ఉంటుంది, రోటర్ కింద ఉండే స్వాష్‌ప్లేట్ అనే పళ్లెం బ్లేడ్ల కోణాన్ని మారుస్తుంది. కోణం మారిన క్షణమే బలం మారుతుంది కాబట్టి చెదిరిన గాలిని తట్టుకోవడంలో దీనిదే పైచేయి. వినడానికి వింతగా ఉన్నా, అనుభవం ఉన్నవారి చేతిలో ఇరుకు చోట అతి నమ్మకమైనది ఈ కష్టమైన రకమే. అనుభవం లేనివారి చేతిలో అదే క్షణంలో తలకిందులై గేరు పళ్లు రాల్చుకుంటుంది. కోయాక్సియల్‌తో మొదలుపెట్టి నేరుగా కలెక్టివ్ పిచ్‌కు దూకేవారికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. మధ్యలో కొన్ని నెలలు ఫిక్స్‌డ్ పిచ్ మీద గడిపితే ఆ డబ్బు మిగులుతుంది.

ఇక్కడ గైరో గురించి ఉన్న ఒక భ్రమను విప్పిచెప్పాలి. పెట్టె మీద ఆరు అక్షాల గైరో అని ఉంటే యంత్రం దానంతట అదే ఒకచోట నిలబడుతుందని కొన్నవారు నమ్ముతారు. గైరో చిప్పుకు తెలిసేది యంత్రం ఎంత వేగంగా తిరుగుతోందన్నది. దానికి తోడైన యాక్సిలరోమీటర్‌కు ఏది కిందో ఏది పైనో తెలుస్తుంది. ఆ రెండూ కలిసి యంత్రాన్ని చదునుగా ఉంచగలవు. చుట్టూ ఉన్న గాలే మెల్లగా గోడవైపు జరుగుతుంటే, దాంతోపాటు తానూ జరుగుతున్నానన్న సంగతి వాటికి తెలియదు. కింద కెమెరా పెట్టి నేలను చూస్తూ స్థానం పట్టుకునే డ్రోన్లు, కొన్ని కొత్త హెలికాప్టర్లు వేరు. ఆ కెమెరా లేని యంత్రంలో స్థానం నిలిపే బాధ్యత పైలట్ కళ్లదే.

గైరో సరిగానే ఉన్నా ఒకే రోటర్ ఉన్న హెలికాప్టర్ నిలబడినప్పుడు నిక్కచ్చిగా చదునుగా ఉండదు. మోడల్ హెలికాప్టర్లలో రోటర్ సాధారణంగా పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. దాని ఎదురు చర్యను ఆపడానికి తోక రోటర్ తోకను ఎడమకు నెడుతుంది, ఆ నెట్టుడు యంత్రాన్ని మొత్తంగా ఎడమకు జరుపుతుంది. జరగకుండా ఉండాలంటే రోటర్ కుడికి కొద్దిగా ఒరగాలి. దగ్గరగా కూర్చుని చూస్తే కుడివైపు స్కిడ్ (నేల మీద ఆనే కాడ) ఎడమదానికన్నా రవంత కిందికి ఉండటం కనిపిస్తుంది. దీన్ని లోపమనుకుని రిమోట్ మీది ట్రిమ్ (సర్దుబాటు) బటన్లతో చదును చేయబోతే యంత్రం ఎడమగోడ దారి పడుతుంది.

ఏ హాలు, ఎప్పుడు

డెల్టాలో మూడు రకాల హాళ్లు దొరుకుతాయి. ధాన్యం గోడౌన్లకు ఎత్తూ వైశాల్యమూ సమృద్ధిగా ఉంటాయి గాని నేల మీది దుమ్మూ తవుడూ రోటర్ గాలికి లేచి మోటార్లలోకీ గేర్లలోకీ కళ్లలోకీ పోతాయి. ఫంక్షన్ హాళ్లలో శాండిలియర్లు, స్తంభాలు, సీలింగుకు వేలాడే పూల అలంకరణలు అడ్డం. అయినా వాటికో సుగుణముంది. ఆషాఢంలోనూ మూఢం రోజుల్లోనూ పెళ్లిళ్లుండవు కాబట్టి హాలు యజమానులు తక్కువ అద్దెకే ఇవ్వడానికి మెత్తబడతారు. బయట ముసురూ ఈదురుగాలీ ఉండేది ఆషాఢంలోనే కావడం క్లబ్బుకు కలిసొచ్చే విషయం.

అన్నిటికన్నా మేలైనది ఇండోర్ షటిల్ కోర్టు. షటిల్ కాక్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలన్నది ఆట నిబంధన. అంత తేలికైన దాన్ని గాలి పక్కకు తీసుకుపోకుండా ఉండాలంటే హాలు అన్నివైపులా మూసి ఉండాలి, కోర్టు మీద ఫ్యాను ఉండకూడదు, కప్పు ఎత్తుగా ఉండాలి. మనకు కావలసినవీ అవే. ఒక్కో కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు కాబట్టి నేల మీది గీతలే దూరాన్ని అంచనా వేసే కొలబద్దలుగా పనికొస్తాయి. కోర్టుకూ కోర్టుకూ మధ్య వల ఉన్నచోట ఆ వల వెనక ప్రేక్షకులను కూర్చోబెట్టవచ్చు. అయితే సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డిని ఇచ్చిన అమలాపురం వైపు షటిల్‌కు ఉన్న గిరాకీ చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున, సాయంత్రం ఆటగాళ్లే నిండిపోతారు, హెలికాప్టర్లకు మిగిలేది మిట్టమధ్యాహ్నం.

రేకుల కప్పు కింద మధ్యాహ్నం అంటే ఏమిటో ఇక్కడివారికి వివరించనక్కర్లేదు. 40 డిగ్రీల వేడిలో గాలి సాంద్రత 15 డిగ్రీల వద్ద ఉండేదానికన్నా సుమారు 8 శాతం తక్కువ, తేమ తోడైతే ఇంకొంచెం తక్కువ. అదే బరువును మోయడానికి మోటారు ఎక్కువ కష్టపడుతుంది, బ్యాటరీ ముందే అలసిపోతుంది. యంత్రం సంగతి అటుంచితే, ఫ్యాన్లు ఆపి తలుపులు వేసిన హాల్లో మనుషుల పాట్లు వేరే. బొటనవేళ్లకు చెమట పట్టి స్టిక్కు జారుతుంటుంది, మెళ్లో తువ్వాలు లేనిదే పని జరగదు. సరిగ్గా హెలికాప్టర్ కంటి ఎత్తున ఉన్నప్పుడు వాచ్‌మన్ జాలిపడి “ఉక్కపోసేత్తంది కదండీ బాబూ, ఫ్యాన్లెయ్యమంటారా?” అంటూ స్విచ్చి మీద చెయ్యి వేస్తాడు. “వద్దు బాబాయ్!” అని నలుగురూ ఒకేసారి అరవడం ప్రతి హాల్లోనూ వినిపించే కేక. అందువల్ల స్విచ్‌బోర్డు దగ్గర క్లబ్బు మనిషి ఒకరు నిలబడటం మేము పెట్టుకున్న మొదటి కట్టుబాటు. తలుపు దగ్గర మరొకరు ఉంటే ఇంకా మంచిది. ఒక్క తలుపు తెరిచి మూస్తే వచ్చే గాలి తెర హాలు సగం దూరం ప్రయాణిస్తుంది.

క్లబ్బు చేసే పని

పూర్వం క్లబ్బు ఉండటానికి రేడియోయే పెద్ద కారణం. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు రిమోట్లు ఆన్ చేస్తే ఇద్దరి యంత్రాలూ కూలిపోయేవి కాబట్టి, మైదానంలో ఒక బోర్డు పెట్టి, ఏ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందో దానికి ఒక క్లిప్పు తగిలించేవారు. క్లిప్పు దొరికినవారే రిమోట్ ఆన్ చేయాలి. 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు వచ్చాక ఆ బాధ పోయింది. ఒక్కో రిమోట్ తనకు బైండ్ చేసిన, అంటే జత కలిపిన, యంత్రంతోనే మాట్లాడుతుంది, పక్కవాటి సంకేతాల మధ్య తన దారి తాను వెతుక్కుంటుంది. మన దేశంలో ఈ బ్యాండ్‌లో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదన్న నిబంధనలు 2005 జనవరిలోనే వచ్చాయి. చౌకరకం ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలకు మాత్రం పాత ఇబ్బంది ఉంది. రెండు మూడు ఛానెళ్లకు మించి ఉండవు, కిటికీలోంచి ఎండ పడ్డచోట సంకేతం అందదు.

ఒకేసారి ఎన్ని యంత్రాలు ఎగరవచ్చో ఇప్పుడు నిర్ణయించేది హాల్లోని గాలి. పైన ఎగిరేవారు తోసిన గాలి కింద ఎగిరేవారి నెత్తిన పడుతుంది కాబట్టి, ఒకరి కింద ఒకరు ఎగరేయకూడదు. ఒక కోర్టులో ఒక యంత్రం, మధ్యలో ఒక కోర్టు ఖాళీ అన్నది మంచి కొలత. క్రమం కూడా ముఖ్యమే. హాలు తెరిచిన కొత్తలో గాలి నిద్రపోతూ ఉంటుంది, ఆ సమయం కొత్తవారికీ తేలికైన యంత్రాలకూ ఇవ్వాలి. కలెక్టివ్ పిచ్ మీద తలకిందులు విన్యాసాలు చేసేవారు వంతు చివరికి రావాలి, వారి తరువాత ఒకటి రెండు నిమిషాలు ఎవరూ ఎగరేయకుండా ఆగాలి. అనుభవజ్ఞులు మొదట ఎగరేసి చూపిస్తే కొత్తవారు నేర్చుకుంటారన్న వాదన ఉంది. చూడటానికి బాగానే ఉంటుంది గాని, వారు చిలికి వదిలిన గాలిలో కొత్తవారు పడుతూ లేస్తూ నిరుత్సాహపడటమే ఎక్కువగా కనిపిస్తుంది.

పెద్ద యంత్రాల విషయంలో మొహమాటం పనికిరాదు. 450 తరగతి హెలికాప్టర్ బరువు 800 గ్రాముల చొప్పున, రోటర్ వ్యాసం 710 మిల్లీమీటర్లుగా తీసుకుంటే, అది నిమిషానికి 69 ఘనపు మీటర్ల గాలిని తోస్తుంది. అంటే ఒక డజను మైక్రో యంత్రాల పెట్టు. రోటర్ నిమిషానికి 2,800 చుట్లు తిరిగినప్పుడు బ్లేడు కొస వేగం గంటకు 370 కిలోమీటర్లు దాటుతుంది. మనుషులున్న హాల్లో దానికి చోటు లేదు. తెచ్చినవారు ఎంత పెద్దవారైనా, ఎంత దూరం నుంచి వచ్చినా, నమస్కారం పెట్టి కాఫీ ఇచ్చి పెట్టె మూయించాలి.

నేర్పే పద్ధతిలో క్లబ్బుకున్న అసలు బలం పక్కన నిలబడే మనిషి. మొదట తోక మనవైపు ఉండేలా నిలపడం, తరువాత పక్కకు తిప్పి నిలపడం, చివరికి ముక్కు మనవైపు ఉండేలా నిలపడం అన్నది అందరూ పాటించే వరస. ముక్కు మనవైపు ఉన్నప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది. ఆ తికమక మెదడు నుంచి పోవాలంటే సాధన తప్ప మందు లేదు. కంప్యూటర్ సిమ్యులేటర్ మీద సగం దూరం వెళ్లవచ్చు, కాని సిమ్యులేటర్‌లో గోడ లాగదు. కొత్తవారి కళ్లు యంత్రం మీదే ఉంటాయి కాబట్టి గోడ ఎంత దూరంలో ఉందో, ఎవరు నడిచి వస్తున్నారో పక్కవారు చెబుతుండాలి. ప్రమాదం కనిపిస్తే చెప్పవలసిన మాట ఒక్కటే, “హోల్డ్!” అని. వెంటనే థ్రాటిల్ హోల్డ్ స్విచ్చి వేసి మోటారును ఆపేయాలి. పడి పగిలే స్కిడ్ చౌక, గోడకు తగిలాక కూడా తిరుగుతూ ఉండే మోటారు కాలిపోతే ఖరీదు. బ్యాటరీ తగిలించేటప్పుడు, యంత్రాన్ని చేత్తో ఎత్తేటప్పుడు కూడా ఆ స్విచ్చి వేసే ఉండాలి. మైక్రో బ్లేడ్లు చర్మం మీద గీత పెట్టి ఊరుకుంటాయేమో గాని కంటికి తగిలితే ఊరుకోవు, అందుకే కళ్లద్దాలు లేనివారిని ఎగరేసే గీత దాటనివ్వకూడదు.

బ్యాటరీ, చట్టం, కొనుగోలు

చిన్న హెలికాప్టర్లలో ఉండే ఒక సెల్లు లిథియం పాలిమర్ బ్యాటరీ నిండినప్పుడు 4.2 వోల్టులు చూపుతుంది. 3.3 కంటే దిగనివ్వకూడదు, వారం రోజులు వాడకుండా ఉంచేటట్టయితే 3.8 దగ్గర ఉంచాలి. 150 మిల్లీయాంపియర్ అవర్ సెల్లును 0.15 యాంపియర్లతో ఛార్జి చేస్తే గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది, తొందరపడితే దాని ఆయుష్షే తగ్గుతుంది. ఎగరేసి దింపిన వెంటనే వేడి సెల్లును ఛార్జర్‌కు తగిలించడం, ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో బ్యాటరీలు వదిలేయడం మన ప్రాంతంలో అవి ఉబ్బిపోవడానికి మొదటి రెండు కారణాలు. ఉబ్బినదాన్ని మళ్లీ వాడాలన్న ఆశ పెట్టుకోకూడదు. ఛార్జింగ్ జరిగే బల్ల దగ్గర ఒక ఇసుక బకెట్టు, ఒక మనిషి ఉండాలి.

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనలు పైలట్ లోపల లేకుండా దూరం నుంచి నడిపే విమానాలన్నిటికీ వర్తిస్తాయి, వాటిలో రోటర్‌క్రాఫ్ట్ కూడా ఒక వర్గం. చట్టం లెక్కలో 250 గ్రాముల వరకు బరువున్నవి నానో తరగతి, మనం మైక్రో అనే 45 గ్రాముల యంత్రం కూడా ఇందులోకే వస్తుంది. వాటిని ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, వ్యాపారం కోసం కాకపోతే 2 కిలోల వరకు ఉన్న, చట్టం చెప్పే మైక్రో తరగతికి కూడా అక్కర్లేదు. వినోదానికో చదువుకో కంటి చూపుమేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు, నానోలకు టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనాకు ఇచ్చే ఆమోదపత్రం) నుంచి మినహాయింపు ఉంది. హాలు విడిచి ఆరుబయటికి వెళ్తే గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) 400 అడుగుల వరకు, విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకు అన్న హద్దులు వస్తాయి. 8 కిలోమీటర్ల లోపల గ్రీన్ జోన్ ఉండదు కాబట్టి, రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి చేరువలోని ఊళ్లవారు ముందుగా మ్యాప్ చూసుకోవాలి.

కొనేటప్పుడు గుర్తుంచుకోవలసినది మరొకటుంది. పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు, విడిభాగాల దిగుమతికి అడ్డు లేదు. హెలికాప్టర్‌ను విదేశం నుంచి నేరుగా తెప్పించుకుంటే, దాన్ని బొమ్మల గాటన కడతారా డ్రోన్ల గాటన కడతారా అన్నది తేలేదాకా పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోయే ప్రమాదం ఉంది. దేశంలో అమ్మేవారి దగ్గర, క్లబ్బులో ఇప్పటికే ఇద్దరు ముగ్గురు వాడుతున్న మోడల్‌నే తీసుకుంటే విరిగిన రోజున ఒకరి భాగం మరొకరికి పనికొస్తుంది. మొదట పోయేవి మెయిన్ బ్లేడ్లు, తరువాత స్కిడ్లు, ఆ తరువాత తోక మోటారు. ఈ మూడూ విడిగా దొరకని యంత్రాన్ని ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.